విడిభాగం ధర తగ్గింది, బాగుచేసుకునే హక్కు మాటేమిటి?

2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అదే నెల 3న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం తీసుకున్న నిర్ణయమిది. కొత్త కార్లు ఎంత చవకయ్యాయన్న లెక్కలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. పదేళ్లుగా, పన్నెండేళ్లుగా ఒకే కారుతో నెట్టుకొస్తున్న ఇళ్లకు ఈ తగ్గింపు ఏపాటి మేలు చేస్తుందో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో, యానాంలోనో మనవాళ్ల వాకిళ్లలో అలాంటి కార్లు తక్కువేమీ కాదు. అందుకే ఈ సంగతిని పాత కారు వైపు నుంచి, అందులోనూ సస్పెన్షన్ వైపు నుంచి చూద్దాం.

సస్పెన్షనే ఎందుకంటే, కారు కింద అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బ తినేది అదే. ఇంజిన్‌ను ఎంత జాగ్రత్తగా చూసుకున్నా, గుంతల్ని మనం ఆపలేం. ఇనుప ఖనిజం లారీలు తిరిగే బళ్లారి, హోస్పేట దారులు ఎలా ఉంటాయో అటు తిరిగే పాఠకులకు చెప్పనక్కర్లేదు. రోడ్డు గుంతల వల్ల 2022లో దేశంలో 1,856 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లందరి బండ్లలోనూ సస్పెన్షన్ అరిగిపోయిందని మేము అనడం లేదు. అయితే అదే గుంతల మీద ఏడాది పొడుగునా తిరిగే కారులో రబ్బరు బుష్‌లు చిట్లుతాయి, షాకబ్జార్బర్ల నుంచి నూనె కారుతుంది, బాల్ జాయింట్లు వదులవుతాయి. షాకబ్జార్బర్ పనిచేయకపోతే టైరు రోడ్డును అంటిపెట్టుకుని ఉండదు, బ్రేకు వేసినప్పుడు కారు ఆగే దూరం పెరుగుతుంది. పండగకి పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని, డిక్కీ నింపుకుని, బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీదో, మద్రాసు నుంచో బరంపురం నుంచో 16వ నంబరు మీదో, షోలాపూర్ నుంచి హైదరాబాదు వైపు 65వ నంబరు మీదో బయల్దేరినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. పన్ను పది శాతం పాయింట్లు తగ్గితే ధర పది శాతం తగ్గిందని చాలామంది అనుకుంటున్నారు. లెక్క అలా రాదు. పన్ను కలపకముందు వెయ్యి రూపాయల వస్తువు ఇంతకు ముందు 1,280కి వచ్చేది, ఇప్పుడు 1,180కి రావాలి. అంటే మనం చెల్లించే మొత్తంలో తగ్గింది ఎనిమిది శాతానికి కాస్త లోపే. 3,200 రూపాయల భాగం 2,950 అవుతుంది. దుకాణంలో పాత ఎమ్మార్పీ ముద్రించిన పెట్టె చేతికిస్తే, కొత్త పన్నుతో ధర ఎంతో అడగండి, బిల్లులో 18 శాతమే ఉందో లేదో చూడండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

అయితే సస్పెన్షన్ పనిలో బిల్లును పెంచేది భాగం ధర ఒక్కటే కాదు, కూలి కూడా. సర్వీసు సెంటరు కూలి మీద జీఎస్టీ అప్పుడూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న మెకానిక్ షెడ్డు సాధారణంగా జీఎస్టీలో నమోదు కానక్కర్లేదు, అక్కడ కూలి మీద పన్ను ఉండదు. కాబట్టి పాత కారున్న ఇంటికి అసలైన ఆదా పన్ను తగ్గింపులో లేదు, ఆ పని ఎవరు చేస్తారన్న దానిలో ఉంది. కంపెనీ సర్వీసు సెంటరా, వీధి చివరి షెడ్డా, లేక మన చేతులా? ఆ ఎంపిక నిజంగా మన చేతిలో ఉందా అన్నదే ఇక్కడ తేలాల్సిన ప్రశ్న.

ఆ ప్రశ్న కొత్తది కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలైన విడిభాగాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేయడం, రిపేరుకు కావలసిన సాంకేతిక సమాచారాన్నీ పరికరాలనీ తమ సర్వీసు సెంటర్లకే పరిమితం చేయడం, ఆ పట్టుతో ధరలు పెంచడం ఆ కంపెనీల మీద వచ్చిన ప్రధాన అభియోగాలు. కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి ప్రతి కారు యజమానీ గుర్తుంచుకోదగ్గది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టకూడదు. బయట చేసిన పనిలో లోపం వల్ల ఏదైనా చెడితే, ఆ మేరకే వారంటీ కాదనవచ్చు. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో కమిషన్ నిర్ణయాన్ని చాలావరకు సమర్థిస్తూనే జరిమానాను తగ్గించింది. వ్యాజ్యాలు సాగుతూ ఉండగానే పదేళ్లు దాటిపోయాయి. బయట చెయ్యి పడితే వారంటీ పోతుందన్న మాట ఈనాటికీ కౌంటర్ల దగ్గర వినిపిస్తూనే ఉంది.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగుచేసుకునే హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాలనూ ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలైంది. చూడటానికి బాగానే ఉంది. కంపెనీలు తమ సమాచారాన్ని ఒకచోట పెట్టే వేదిక అది. ఏం పెట్టాలో, పెట్టకపోతే ఏమవుతుందో చెప్పే ప్రత్యేక చట్టం మాత్రం రాలేదు. 2025 మేలో రిపేరబిలిటీ సూచీ మీద మరో కమిటీ నివేదిక ఇచ్చింది. ఒక వస్తువును ఎంత సులభంగా బాగుచేయవచ్చో మార్కుల రూపంలో చెప్పే పద్ధతి అది. దాని పరిధి మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్. కారు అందులో లేదు.

యూరప్‌లో బయటి మెకానిక్‌లకు రిపేరు సమాచారం ఇవ్వాలని కార్ల కంపెనీలకు 2007 నాటి నిబంధనలే చెప్పాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో అలాంటి చట్టమే తెచ్చుకుంది. మన దగ్గర అది లేని లోటు ఎక్కడ తెలుస్తుందో ఒక చిన్న ఉదాహరణ చాలు. మీ కారుతో వచ్చిన యజమాని పుస్తకం తెరవండి. చక్రం నట్లు ఎంత బలంతో బిగించాలో, ఆ టార్క్ అంకె సాధారణంగా అందులో ఉంటుంది. లోయర్ ఆర్మ్ బోల్టుకు ఎంతో వెతకండి, ఉండదు. అది వర్క్‌షాపు మాన్యువల్‌లో ఉంటుంది, ఆ మాన్యువల్ మనకివ్వరు. చక్రం ఊడకుండా చూసుకునే బాధ్యత మనకు అప్పగించారు, ఆ చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి సంగతి మాత్రం మనకు చెప్పరు.

ఇంట్లో ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు

ఈ పరిస్థితిలో ఇంటి దగ్గర సస్పెన్షన్ పని గురించి రెండు రకాల మాటలు వినపడుతున్నాయి. పానాలు పట్టడం వస్తే అన్నీ చేసుకోవచ్చని కొందరు, అసలు ముట్టుకోకూడదని కొందరు. మాకు రెండూ సరిగా అనిపించవు. ఏ భాగమన్న దాన్ని బట్టి సమాధానం మారుతుంది.

ముందు రోగం ఎక్కడుందో తెలుసుకోవడం. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు, ఇంట్లో కారు నడిపే ప్రతివారూ, ఆడపిల్లలతో సహా, నేర్చుకోదగ్గ పని ఇది. కారు ఒక మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలబడాలి, రెండు మూడుసార్లు ఊగితే అక్కడి షాకబ్జార్బర్‌ను అనుమానించాలి. దాని ఒంటి మీద నూనె తడి కనిపిస్తే అనుమానం కూడా అక్కర్లేదు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు నుంచి టకటకమంటే చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్ అవుతుంది. స్పీడు బ్రేకరు ఎక్కేటప్పుడూ బ్రేకు వేసేటప్పుడూ ధబ్బుమని మొద్దుగా మోగితే లోయర్ ఆర్మ్ బుష్‌ల వైపు చూడాలి. కారును సరిగ్గా జాకీ, స్టాండ్ మీద ఎత్తాక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందంటే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ అరిగింది. కుడి ఎడమలు పట్టుకుని ఊపినప్పుడు కదిలితే స్టీరింగ్ వైపు టై రాడ్ ఎండ్ కావచ్చు. టైరు మీద అక్కడక్కడా గుంటలు పడినట్టు అరుగుదల కనిపిస్తే కొత్త టైరు కొనేముందు సస్పెన్షన్ చూపించండి. టైర్ల మీద కూడా పన్ను 18 శాతానికి తగ్గింది గానీ, కారణం అలాగే ఉంటే కొత్త టైరూ అలాగే పోతుంది.

ఈ తనిఖీ చేసుకుని షెడ్డుకు వెళ్లే మనిషికీ, ఏదో శబ్దం వస్తోందని చెప్పి తాళం ఇచ్చేసే మనిషికీ బిల్లులో తేడా ఉంటుంది. భాష సంగతి ఒక చిన్న మాట. కన్నడ షెడ్డయినా, తమిళ, ఒడియా, మరాఠీ షెడ్డయినా బుష్, లింక్, ఆర్మ్ పేర్లు ఒక్కటే. మనవాళ్లకు చిక్కు వచ్చేది మాటల దగ్గర కాదు, ఏ భాగం మార్చారో, ఏ కంపెనీదో రాయకుండా మొత్తం అంకె మాత్రం వేసిన చీటీ దగ్గర. పార్ట్ నంబరుతో బిల్లు, మార్చిన పాత భాగం, రెండూ అడిగి తీసుకోవాలి.

ఇంట్లో చేసుకోదగ్గ వాటిలో మొదటిది లింక్ రాడ్. చాలా చిన్న కార్లలో దానికి రెండు నట్లే. నట్టు తిప్పుతుంటే లోపలి బాల్ కూడా తిరిగిపోతుంది, దాన్ని అలెన్ కీతోనో పలచటి పానాతోనో పట్టి ఉంచాలి, అంతే చిక్కు. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. రెండోది, వెనుక టోర్షన్ బీమ్ ఉన్న చిన్న కార్లలో స్ప్రింగూ షాకబ్జార్బరూ విడివిడిగా అమర్చి ఉంటే, వెనుక షాకబ్జార్బర్లు. వీటిని ఎప్పుడూ జతగానే మార్చాలి, ఒకపక్క కొత్తది, ఒకపక్క పాతది ఉంటే కారు నడక తేడా వస్తుంది. పాతదాన్ని విప్పేటప్పుడు బీమ్ కింద రెండో జాకీ ఆసరాగా పెట్టకపోతే బీమ్ దిగిపోయి బ్రేకు గొట్టం మీద లాగుడు పడుతుంది.

లోయర్ ఆర్మ్ దగ్గర జాగ్రత్త ఇంకా పెరగాలి. బోల్టులు విప్పి ఆర్మ్ మార్చడం కష్టం కాదు, ఓపికున్న మనిషి ఒక పూటలో ఒక పక్క చేయగలడు. తప్పు జరిగేది చివరి బిగింపు దగ్గర. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడే బుష్ బోల్టుల్ని పూర్తిగా బిగించేస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొత్త బుష్ కొన్ని నెలల్లోనే చిట్లుతుంది. బోల్టుల్ని చేతి బిగువుగా ఉంచి, కారు బరువు చక్రం మీదికో ఆర్మ్ మీదికో తెచ్చి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. హడావుడిగా పనిచేసే షెడ్డులో ఈ ఒక్క పని వదిలేసే అవకాశం ఎక్కువ, పక్కన నిలబడి చూసుకోవడం మంచిది. బిగించాల్సిన అంకె మాత్రం, పైన చెప్పినట్టు, కంపెనీ దగ్గరే ఉంటుంది. సర్వీసు సెంటరులో అడగండి, పోర్టల్‌లో మీ కంపెనీ పేజీ వెతకండి. అంకె దొరక్కపోతే ఊహించి బిగించవద్దు, ఆ బోల్టులు మెకానిక్‌తోనే బిగించుకోండి. ఒకసారి విప్పిన నైలాన్ లాక్ నట్లను తిరిగి వాడకండి. పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంటు చేయించాల్సిందే.

ముందు స్ట్రట్ మాత్రం ఇంట్లో విప్పవద్దు. బయటకు తీయడం వరకూ ఫరవాలేదు, దాని మీది స్ప్రింగును వేరు చేయడమే ప్రమాదం. నొక్కి బంధించిన ఆ స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది. చవక స్ప్రింగ్ కంప్రెసర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతున్నాయి. అవి కొని ఆదా చేసే కూలి కన్నా, స్ట్రట్‌ను అలాగే తీసి గోడకు బిగించిన ప్రెస్ ఉన్న షెడ్డుకు పట్టుకెళ్లడం మేలు. పాత బుష్‌ను ఆర్మ్ నుంచి సుత్తితో కొట్టి తీయడం కూడా అలాంటిదే. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నచోట నిమిషాల పని అది. ఇక్కడే కంపెనీల మరో అలవాటు బయటపడుతుంది. కొన్ని మోడళ్లకు బుష్ ఒక్కటే అమ్మరు, ఆర్మ్ మొత్తం కొనమంటారు. వందల్లో పోయే పని వేలల్లోకి వెళుతుంది. పన్ను తగ్గింపు ఇచ్చిన ఎనిమిది శాతం అక్కడ ఏ మూలకి?

ఏ పనికైనా ఒకటే షరతు. పంచరు మార్చడానికి ఇచ్చిన జాకీ మీద కారును నిలిపి, దాని కిందికి ఒక్క చెయ్యి కూడా పెట్టవద్దు. చదునైన గట్టి నేల మీద, ఎదుటి చక్రాలకు అడ్డులు పెట్టి, బరువు తట్టుకునే జాకీ స్టాండ్లు కంపెనీ చూపిన చోటే పెట్టాలి. ఇటుకలు వద్దు, కర్ర దుంగలు వద్దు. అపార్ట్‌మెంటు పార్కింగులో ఈ పనులకు సంఘాలు ఒప్పుకోకపోవచ్చు. అద్దె ఇళ్ల వాళ్లకు అది మరో తంటా.

భాగం ఎక్కడిది?

మన ఊళ్లలోనే ఒక విచిత్రం ఉంది. షాకబ్జార్బర్లు చేసే గాబ్రియేల్‌కు హోసూరులో కర్మాగారం ఉంది. స్టీరింగ్, సస్పెన్షన్ లింకేజీలు చేసే రాణే సంస్థ మద్రాసుది. హోసూరు ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు ఆ పారిశ్రామికవాడల్లోనే పనిచేస్తున్నారు. అదే తయారీదారు భాగం కార్ల కంపెనీ పెట్టెలో ఒక ధరకూ, సొంత పేరుతో బయటి దుకాణంలో మరో ధరకూ దొరకవచ్చు. కారు కంపెనీ ముద్ర లేని భాగమంతా నకిలీ అనుకోవడం పొరపాటు. పేరున్న తయారీదారు సొంత ముద్రతో అమ్మేది వేరు, ఆ పేరును దొంగిలించి అమ్మేది వేరు. బెంగళూరు జేసీ రోడ్డులో కొన్నా, ఊళ్లోని దుకాణంలో కొన్నా పార్ట్ నంబరు సరిచూసుకోవాలి, బిల్లు తీసుకోవాలి. మిగతావాటికన్నా మరీ తక్కువ ధర చెబితే వెనక్కి రావాలి. మద్రాసు పుదుపేటలో పాత తలుపులు, అద్దాలు కొనుక్కోవచ్చు. బాల్ జాయింట్, బుష్, షాకబ్జార్బర్ మాత్రం పాతవి కొనకూడదు, అరుగుదల పైకి కనిపించదు.

అరిగిన దాని స్థానంలో అదే రకం భాగం వేయడం చట్టం దృష్టిలో మార్పు కాదు. కారు ఎత్తు పెంచే స్పేసర్లు, కిందికి దించే స్ప్రింగులు మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వచ్చే వ్యవహారం. ఫిట్‌నెస్ దగ్గర చిక్కు వస్తుంది.

ఆ ఫిట్‌నెస్ సంగతే పాత కార్ల వాళ్లకు ఇప్పుడు ముఖ్యం. పెట్రోలుకు 15 ఏళ్లు, డీజిలుకు 10 ఏళ్లు అన్న మాట ఢిల్లీ పరిసర ప్రాంతానికి సంబంధించింది. మన రాష్ట్రాల్లో సొంత కారుకు 15 ఏళ్లు నిండితే, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవచ్చు. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. రాష్ట్రాల పన్నులు వేరే. అంటే ఒక చేత్తో విడిభాగం మీద పన్ను తగ్గించి, మరో చేత్తో పాత కారును ఉంచుకునే ఖర్చు పెంచారు. కొత్త కారు కొనిపించడమే ఉద్దేశమైతే ఆ మాట సూటిగా చెప్పవచ్చు. పాత కారు భద్రంగా ఉండాలన్నదే ఉద్దేశమైతే, రుసుము పెంచడంతో పాటు ప్రతి మోడల్‌కూ టార్క్ పట్టిక, విడిభాగాల జాబితా, ధరలు అందరికీ కనిపించేలా పెట్టాలని కంపెనీలను ఆదేశించడం కేంద్రానికి పెద్ద పని కాదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఫిర్యాదు. బయట చేయించారని వారంటీ కాదన్నా, భాగం విడిగా అమ్మనన్నా, కొత్త పన్ను ప్రకారం ధర తగ్గించకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అది 17 భాషల్లో పనిచేస్తుంది, తెలుగు వాటిలో ఒకటి. షోలాపూర్‌లో ఉన్నా బరంపురంలో ఉన్నా తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఫోన్ చేసేముందు బిల్లు, పార్ట్ నంబరు, కౌంటరులో చెప్పిన మాట ఏ తేదీన చెప్పారన్నది చేతిలో ఉంచుకోండి. వీలైతే ఆ మాటను ఈమెయిల్‌లో రాసి ఇమ్మని ముందే అడగండి.